పోయడం రిపేరు కాదు

కువైట్‌లో ఎగైలా లాంటి పేటల్లో విల్లా పక్కన, రేకుల నీడ కింద, గుడ్డ కప్పుకుని ఒక పాత అమెరికన్ కారు ఉండడం వింతేమీ కాదు. షెవర్లే కాప్రీస్ కావచ్చు, బ్యూక్ కావచ్చు, క్యాడిలాక్ కావచ్చు. తండ్రి కొన్నదాన్ని కొడుకు అపురూపంగా దాచుకుంటాడు. ఎండాకాలమంతా కదలని ఆ బండికి నవంబర్‌లో గుడ్డ తీస్తారు. ఫిబ్రవరి 25, 26 తేదీల్లో, జాతీయ దినానికీ విమోచన దినానికీ, జెండా కట్టి గల్ఫ్ రోడ్డెక్కిస్తారు. దాన్ని తుడిచేది, వారానికోసారి స్టార్ట్ చేసేది, పెట్రోలు కొట్టించేది మాత్రం చాలా ఇళ్లలో రాయచోటి నుంచో, రాజంపేట నుంచో, గోదావరి జిల్లాల నుంచో ఇంటి డ్రైవర్‌గా వచ్చిన మనిషి. బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిలు తగ్గి ఉంటుంది. అలమరలోంచి డబ్బా తీసి పోసి, మూత పెట్టేస్తాడు. అలా చేయమనే అందరూ అతనికి చెప్పారు. "పాత బండి అన్నాక కొంచెం కారుతుంది, పోసుకుంటూ పోతే చాలు." యజమాని మాట ఇదే, గ్యారేజీవాళ్ల మాట ఇదే, ఊళ్లో అంబాసిడర్ మీద స్టీరింగ్ పట్టడం నేర్పిన గురువు మాటా ఇదే.

ఈ మాట తప్పు. కొంత నిజం, కొంత పొరపాటు కలిసిన మాట కూడా కాదు, మొదటి నుంచి చివరిదాకా తప్పు. పైగా దాని ఫలితం అనుభవించేది చెప్పినవాళ్లు కాదు, స్టీరింగ్ పట్టుకున్నవాడు.

ఇంజిన్ ఆయిలు కొంత కాలిపోతుంది. రేడియేటర్ నీళ్లు ఆవిరవుతాయి. పెట్రోలు పోసేదే ఖర్చు కావడానికి. బ్రేకు ఆయిలుకు ఇలాంటి ఖర్చు ఏదీ లేదు. పెడల్ మీద పడిన కాలి బలాన్ని మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాల దాకా మోసుకుపోవడం, కాలు తీయగానే వెనక్కి రావడం, అంతవరకే దాని పని. నాలుగు వైపులా మూసిన గొట్టాల్లో తిరిగే ద్రవం తగ్గడానికి కారణాలు రెండే. ముందు చక్రాల డిస్క్ ప్యాడ్లు అరిగే కొద్దీ కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, వెనక మిగిలిన ఖాళీని ఆయిలు నింపుతుంది. ఇది సహజమైన తగ్గుదల. నెలల తరబడి కొద్దికొద్దిగా జరుగుతుంది, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్‌ను వెనక్కి నొక్కితే మట్టం మళ్లీ పైకి వస్తుంది. రెండో కారణం లీకు. మూడోది లేదు. వారానికోసారి ఉన్నచోటే స్టార్ట్ చేసి ఆపేసే బండికి ప్యాడ్లు అరగవు కాబట్టి, ఎగైలా షెడ్డులోని కారుకు మిగిలేది రెండో కారణం ఒక్కటే.

డబ్బా ఎత్తి పోసేవాడు లీకును ఆపలేకపోవడం ఒక నష్టం. దాని జాడను చెరిపేయడం అంతకన్నా పెద్ద నష్టం. అమెరికాలో దాదాపు అన్ని కంపెనీలూ 1967 మోడళ్ల నుంచి రెండు సర్క్యూట్ల బ్రేకులు పెట్టాయి. 1968 జనవరి 1 నుంచి అది అక్కడ చట్టమైంది. మాస్టర్ సిలిండర్ మీద రెండు గదులుంటాయి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న కాప్రీస్ లాంటి బండిలో సాధారణంగా పెద్ద గది డిస్కులకు, చిన్న గది డ్రమ్ములకు. ఏ గదిలో తగ్గిందో చూస్తే చాలు, సగం బండి వెతికే పని తప్పుతుంది. ఎన్నాళ్లలో ఎంత తగ్గిందో రాసుకుంటే, రబ్బరు చెమ్మగిల్లుతోందా, గొట్టం చిల్లు పడిందా అన్నది కూడా అంచనాకు వస్తుంది. రెండు గదులనూ అంచుదాకా నింపి మూత పెట్టినవాడి దగ్గర ఈ సమాచారం ఏదీ మిగలదు. 1970ల నాటి జనరల్ మోటార్స్ బండ్లలో ఆ మూత ఇనుపది, తీగ క్లిప్పుతో బిగించి ఉంటుంది. విప్పితే తప్ప మట్టం కనపడదు. అంటే తగ్గిందని తెలుసుకోవడమే అక్కడ ఒక పని. ఆ పని చేసి, దొరికిన ఆధారాన్ని అదే నిమిషంలో పారబోసుకుంటున్నారు.

"రెండు సర్క్యూట్లున్నాయిగా, ఒకటి పోయినా రెండోది ఆపుతుంది" అనే ధీమా ఒకటి వెంటనే వినిపిస్తుంది. ఆపుతుంది, నిజమే. కానీ ఎంత దూరంలో? బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు పడుతుంది, అందుకే ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. ముందు సర్క్యూట్ ఖాళీ అయితే మిగిలేది వెనక డ్రమ్ములు. పెడల్ అలవాటైన చోట పట్టదు, నేల వైపు చాలా దూరం దిగాక పడుతుంది. ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ముందు బండి ఒక్కసారిగా ఆగినప్పుడు, ఆ దిగడానికి పట్టే సమయమే డ్రైవర్ దగ్గర ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్రేకు దీపం హెచ్చరించాలి. రెండు సర్క్యూట్ల ఒత్తిడిలో తేడా వస్తే దాన్ని వెలిగించే స్విచ్చు ఒకటి కాంబినేషన్ వాల్వులో ఉంటుంది. నలభై ఏళ్లు కదలని స్విచ్చు బిగుసుకుపోయి ఉండవచ్చు, బల్బు మాడిపోయి ఉండవచ్చు. పార్కింగ్ బ్రేకు వేసి దీపం వెలుగుతోందో లేదో చూస్తే బల్బు సంగతి తెలిసిపోతుంది. ఎంతమంది చూస్తున్నారు? ఇక 1967కు ముందు బండ్ల సంగతి మరీ నిర్దాక్షిణ్యం. వాటిలో ఎక్కువ వాటికి ఒకటే సర్క్యూట్. మన తొలి అంబాసిడర్‌లదీ అదే ఏర్పాటు. ఒక చక్రం దగ్గర గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది.

కారడం పాత బండి స్వభావం అనేవారు చరిత్ర చూడాలి. ద్రవంతో పనిచేసే బ్రేకును కార్లకు తెచ్చినవాడు మాల్కమ్ లాకీడ్. నాలుగు చక్రాలకూ అలాంటి బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు వచ్చింది. లాకీడ్ తొలి నమూనాల్లో సీళ్లు పచ్చి తోలువి, అవి కారేవి. 1924లో తన పేరుతో తొలి కారు తెచ్చిన వాల్టర్ క్రైస్లర్ దగ్గరి ఇంజినీర్లు ఆ తోలును అలాగే వదిలేసి, కొనేవాళ్లకు పోసుకోమని డబ్బా ఇవ్వలేదు. రబ్బరు కప్పులు పెట్టి నమూనానే మార్చేశారు. హెన్రీ ఫోర్డ్ ఈ పద్ధతిని నమ్మక 1938 మోడళ్ల దాకా కడ్డీలు, కేబుళ్ల బ్రేకులతోనే నెట్టుకొచ్చాడు. అంటే ద్రవపు బ్రేకు పుట్టిన రోజుల్లోనే కారడాన్ని లోపంగా గుర్తించారు, దాన్ని సరిదిద్దాకే అది జనంలోకి వెళ్లింది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ అంతకు ముందు తరానిది. దానికి ద్రవమే లేదు కాబట్టి లీకూ లేదు. ద్రవపు బ్రేకులున్న బండి ఎంత పాతదైనా, తయారైన రోజున పొడిగానే ఉంది. ఇప్పుడు తడిగా ఉందంటే ఎక్కడో ఒక భాగం పాడైంది. వయసు ఆ భాగం ఎందుకు పాడైందో చెబుతుందే తప్ప, దాన్ని అలా వదిలేయడానికి సాకు కాదు.

రెండో పెద్ద నమ్మకం గల్ఫ్‌లో పుట్టింది: "ఇది ఎడారి. వాన లేదు, తేమ లేదు. తుప్పు ఎక్కడిది? బ్రేకు ఆయిలు మార్చేదేముంది?" కువైట్ వాయవ్య ఎడారిలోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది కూడా. కానీ ఎగైలా మిత్రిబా కాదు. ఫింతాస్, మహబూలాల సరసన, సముద్రానికి దగ్గరగా ఉన్న పేట ఇది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రం మీది ఉక్క గాలి తిరిగిందంటే తెల్లవారుజామున కారు అద్దాలకు బయటి నుంచి నీరు పడుతుంది. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది, దుమ్ములోనూ ఉప్పు ఉంటుంది. ఆ బండ్లలో సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 ద్రవాలు గ్లైకాల్ జాతివి, గాలిలోని తేమను పీల్చుకోవడం వాటి గుణం. రిజర్వాయర్ మూతలోని గాలి రంధ్రం నుంచీ, రబ్బరు హోసుల గోడల్లోంచీ తేమ లోపలికి చేరుతూనే ఉంటుంది, బండి కదిలినా కదలకపోయినా.

తేమ చేసే కీడు రెండు రకాలు. మొదటిది చాలామందికి తెలుసు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నూటికి 3.7 వంతుల నీరు చేరితే ఆ హద్దు 140కి దిగుతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. రెండోది తెలిసినవాళ్లు తక్కువ, లీకు పుట్టేది అక్కడే. వెనక డ్రమ్ములోని వీల్ సిలిండర్ పోత ఇనుముది. వేసవి నెలలన్నీ దానిలోని పిస్టన్, దాని రబ్బరు కప్పు ఒకే చోట నిలబడి ఉంటాయి. తేమ చేరిన ద్రవం సిలిండర్ అడుగున, కప్పు అంచుల దగ్గర ఇనుమును సన్నగా తింటూ పోతుంది. నవంబర్‌లో గుడ్డ తీసి మొదటిసారి గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు రబ్బరు కప్పు ఆ గరుకు గుంటల మీదుగా జరుగుతుంది, దాని పెదవి చీరుకుపోతుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది, బయటికి తీయగానే కారడం మొదలైంది" అని యజమాని ఆశ్చర్యపోతాడు. బయటికి తీయడం వల్ల కాదు, నెలల తరబడి తీయకపోవడం వల్ల, రెండు మూడేళ్లకోసారైనా ద్రవం మార్చకపోవడం వల్ల కారుతోంది. కదలని బండి క్షేమంగా ఉంటుందన్న నమ్మకం కూడా ఇక్కడే కూలిపోతుంది.

"నేల మీద చుక్క లేదు, కాబట్టి లీకు లేదు" అనేది అన్నింటికన్నా ప్రమాదకరమైన తర్కం. ద్రవం నేల మీద పడకుండా పోయే దారులు ఈ బండ్లలో చాలా ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోతే ద్రవం నేరుగా వ్యాక్యూమ్ బూస్టర్ డబ్బాలోకి దిగుతుంది. అక్కడి నుంచి ఇంజిన్ దాన్ని పీల్చి కాల్చేస్తుంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించి ఇంజిన్ విప్పేవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది ఇంజిన్ కాదు. మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టి ఉంచే రెండు నట్లు విప్పి, గొట్టాలు వంగకుండా దాన్ని కొంచెం ముందుకు జరిపి, వెనక ముఖం మీద టార్చి వేస్తే తడి కనిపిస్తుంది. దాని కింద బూస్టర్ రంగు పొక్కి ఊడుతుంటే, విప్పకముందే సగం అనుమానం తీరినట్టే. గ్లైకాల్ ద్రవం పెయింటును తినేస్తుంది.

చక్రాల దగ్గర కూడా చుక్క పడక్కరలేదు. వీల్ సిలిండర్ కారితే ద్రవం ముందు రబ్బరు బూటు మడతలో నిలుస్తుంది, తర్వాత డ్రమ్ము లోపల లైనర్లకు పట్టి, దుమ్ముతో కలిసి నల్లటి జిగురవుతుంది. నేల మీదికి రావడం చిట్టచివరి దశ. డ్రమ్ము తీసి, బూటు అంచును సన్నటి స్క్రూ డ్రైవర్‌తో కొద్దిగా ఎత్తి చూడాలి. లోపల తడి ఉంటే ఆ సిలిండర్ పని అయిపోయింది. కువైట్ దుమ్ము ఇక్కడ ఒక విధంగా మేలే చేస్తుంది: పొడి లోహం మీద అది తెల్లగా, వదులుగా ఉంటుంది, చెమ్మ ఉన్నచోట నల్లగా అంటుకుపోతుంది. ముందుగా అంతా కడిగి ఆరబెట్టి, వారం తర్వాత చూస్తే నల్లబడిన జాయింట్లే లీకును చూపిస్తాయి.

దొరికిన తడి ఏమిటన్నది తేల్చుకోవాలి. వెనక యాక్సిల్ సీలు పోతే గేరు ఆయిలు కూడా డ్రమ్ములోకే వస్తుంది, దాన్ని చూసి వీల్ సిలిండర్ మార్చేవాళ్లున్నారు. వేసవిలో బండి కింద పడే ఏసీ నీళ్లు మరో గందరగోళం. ఒక గాజు గ్లాసులో నీళ్లు పోసి, దొరికిన ద్రవం చుక్క అందులో వేస్తే తేలిపోతుంది. గ్లైకాల్ బ్రేకు ఆయిలు నీళ్లలో కలిసిపోతుంది. గేరు ఆయిలు, పవర్ స్టీరింగ్ ఆయిలు పైన తేలతాయి. గేరు ఆయిలుకు గంధకం వాసన ఉంటుంది, దాన్ని ఒకసారి చూసినవాడు మరచిపోడు.

ఇంకో అలవాటు, పెడల్‌ను రెండు మూడుసార్లు పంపు కొట్టి బ్రేకు పట్టించడం. పాత జీపులు, లారీలు నడిపినవాళ్లకు అది చెయ్యి తిరిగిన విద్య. "పంపు కొడితే పడుతోంది కదా" అంటారు. ఆ పంపు కొట్టడంలోనే రోగం పేరు దాగి ఉంది, దాన్ని చదవాలి. పంపు కొట్టాక పెడల్ పైకి వచ్చి గట్టిగా నిలబడితే, డ్రమ్ముకీ లైనర్లకీ మధ్య సందు ఎక్కువైంది, షూలు సర్దాలి. మెత్తగా, స్పాంజిలా ఉంటే లోపల గాలి ఉంది. గట్టిపడి, కాలు అలాగే ఒత్తి ఉంచితే మెల్లగా నేల వైపు దిగిపోతుంటే, ద్రవం ఎక్కడో బయటికి పోతోంది లేదా మాస్టర్ సిలిండర్ లోపలే కప్పు దాటి వెనక్కి జారుతోంది. ఈ చివరి సందర్భంలో మట్టం తగ్గదు, తడి కనపడదు, డబ్బా పోయడానికీ చోటుండదు. పోస్తే చాలనే సిద్ధాంతానికి ఈ ఒక్క లోపం దగ్గర చెప్పడానికి మాటే లేదు.

గ్యారేజీల్లో పరీక్ష పేరుతో జరిగేది కూడా సగమే. ఒకడు పెడల్ తొక్కుతాడు, ఇంకొకడు కింద చూస్తాడు, కారలేదు కాబట్టి బాగుందంటాడు. గట్టిగా తొక్కినప్పుడు లైనులో ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటుతుంది. పగిలిన గొట్టం, చీలిన హోసు ఆ ఒత్తిడికి బయటపడతాయి. రబ్బరు కప్పు మాత్రం అందుకు విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ దాని పెదవి సిలిండర్ గోడకు మరింత బిగుసుకుంటుంది. అరిగిన కప్పు కారేది ఒత్తిడి లేనప్పుడు, రాత్రంతా బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు. అందుకే పాత డ్రమ్ము బ్రేకుల్లో లైనులో కొద్దిపాటి ఒత్తిడి ఎప్పుడూ మిగిలి ఉండేలా ఒక చిన్న వాల్వు పెట్టేవారు. కాబట్టి పరీక్ష రెండు విధాలుగా జరగాలి. ఒకటి, మనిషి గట్టిగా తొక్కి పట్టి ఉండగా ప్రతి జాయింటునూ, ప్రతి హోసునూ చూడడం. ఉబ్బే హోసు కూడా అప్పుడే కనిపిస్తుంది. రెండు, నాలుగు చక్రాల కింద, మాస్టర్ సిలిండర్ కింద తెల్లటి అట్టలు పరిచి రాత్రంతా కదపకుండా వదిలేయడం. మొదటిది మాత్రమే చేసి ఇచ్చే హామీకి విలువ లేదు.

లీకు దొరికాక వినిపించే వాదనలు మరికొన్ని. "రబ్బరు వాషర్లు మార్చితే అయిపోతుంది." గుంటలు పడిన సిలిండర్‌లో కొత్త రబ్బరు వేస్తే అది కూడా కొన్నాళ్లకే చీరుకుపోతుంది. సిలిండర్ లోపలి గోడ మీద వేలు పోనిచ్చి చూడాలి. గోరు తట్టుకునే గుంట ఉంటే రబ్బరు కిట్టుతో పని జరగదు. సిలిండర్ మార్చాలి, లేదా ఇత్తడి లేక స్టెయిన్‌లెస్ స్లీవు వేయించాలి. "లైనర్లను పెట్రోలుతో కడిగి సాన పడితే చాలు." చాలదు. లైనరు పీల్చుకున్న ద్రవం కడిగితే పోదు, వేడెక్కినప్పుడు మళ్లీ పైకి వస్తుంది, ఆ చక్రం ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టేస్తుంది. రెండు వైపులా షూలు మార్చాల్సిందే. "ఆ చక్రానికి పోయే లైను నొక్కేయండి, మిగతా మూడూ ఉన్నాయి." ఇది రిపేరు పేరుతో చేసే హింస. ఒక పక్క బ్రేకు లేని బండి గట్టిగా తొక్కిన క్షణంలో రెండో పక్కకు లాగుతుంది. నొక్కినవాడు ఆ సమయానికి బండిలో ఉండడు.

"ముందు ఎయిర్ తీసి చూద్దాం" అనేది అమాయకంగా కనిపించే సలహా. గాలి దానంతట అది పుట్టదు. ద్రవం బయటికి పోయిన దారి మూయకుండా గాలి తీయడం వృథా. అంతకన్నా పెద్ద అపాయం ఉంది. మామూలుగా బ్రేకు వేసినప్పుడు మాస్టర్ సిలిండర్ పిస్టన్ సగం దూరమే కదులుతుంది. దాని ముందున్న భాగంలో ఏళ్ల తరబడి మడ్డి, తుప్పు పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీయడానికి పెడల్‌ను నేల దాకా తొక్కితే కప్పులు ఆ తుప్పులోకి దూసుకుపోతాయి. లీకు వీల్ సిలిండర్‌లో మొదలై, ఎయిర్ తీశాక మాస్టర్ సిలిండర్ కూడా పోవడం అలాగే జరుగుతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి, నేల దాకా దిగకుండా ఆపితే ఈ ముప్పు ఉండదు. చెక్క ముక్కకు ఖర్చేమీ లేదు, అయినా పెట్టేవాళ్లు అరుదు.

సిలికోన్ ద్రవం, అంటే డాట్ 5, సర్వరోగ నివారిణిగా పేరు తెచ్చుకుంది. అది పెయింటును తినదు, నీటిని పీల్చుకోదు, ఈ రెండు మాటలూ నిజమే. కానీ లోపలికి చేరిన నీరు అందులో కలవదు కాబట్టి గొట్టాల్లో పల్లంగా ఉన్నచోట ముద్దగా నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. సన్నటి గాలి బుడగలను అది పట్టుకుని వదలదు, పెడల్ మెత్తబడుతుంది. గ్లైకాల్ ద్రవంతో కలపకూడదు. పాత సిస్టమ్‌లో పూర్తిగా కడగకుండా పోస్తే రెండూ కలిసి తీరతాయి. చీరిన రబ్బరును అతికించే శక్తి మాత్రం ఏ ద్రవానికీ లేదు. ఇక చేతికందిన ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోయడం పూర్తిగా విధ్వంసమే. ఖనిజ నూనె తగిలితే ఈ రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. ఒక్క చెంచాడు చాలు. మాస్టర్ సిలిండర్ నుంచి హోసుల దాకా ఉన్న రబ్బరంతా మార్చి, గొట్టాలు కడిగితే తప్ప ఆ బండిని నమ్మలేం.

గొట్టాల దగ్గర కువైట్‌లో ఒక తేలిక దారి ఊరిస్తుంది. వెనక చక్రాలకు పోయే ఉక్కు గొట్టం ఛాసిస్ వెంబడి క్లిప్పుల్లోంచి పోతుంది. క్లిప్పు కింద ఉప్పు దుమ్ము, చెమ్మ చేరి అక్కడే తుప్పు పడుతుంది. ఏసీ పనివాళ్ల దగ్గర రాగి గొట్టం సులువుగా దొరుకుతుంది, వంచడం తేలిక, కోసి కంప్రెషన్ జాయింటు వేస్తే పది నిమిషాల పని. వేయకూడదు. ఉత్త రాగి అదురుకు బిరుసెక్కి చిట్లుతుంది, కంప్రెషన్ జాయింటు బ్రేకు ఒత్తిడికి తయారైంది కాదు. రాగిలో పదో వంతు నికెల్ కలిపి బ్రేకుల కోసమే చేసిన గొట్టం ఉంది. చేత్తోనే వంగుతుంది, ఉప్పుకు తట్టుకుంటుంది. దాని కొసలకు ఆ బండి కోరే ఫ్లేరు వేయాలి: పాత అమెరికన్ బండికి సాధారణంగా 45 డిగ్రీల డబుల్ ఫ్లేరు. సింగిల్ ఫ్లేరు వేస్తే కొస చిట్లుతుంది. స్క్రాప్ యార్డుల్లో తలుపులు, బంపర్లు, లైట్లు వెతుక్కోవచ్చు. పాత హోసులు, వీల్ సిలిండర్లు మాత్రం అక్కడ కొనకూడదు, అవి ఇంకో ఎండలో అంతే కాలం ఎండినవి. కాలిపర్ దగ్గర బాంజో బోల్టుకు ఇరువైపులా ఉండే రాగి వాషర్లు విప్పినప్పుడల్లా కొత్తవి వేయాలి. ఈ మాట ప్రతి మెకానిక్‌కూ తెలుసు. తెలిసీ పాతవే బిగిస్తారు, ఆ జాయింటే వారం తర్వాత తడుస్తుంది.

ఇంత శ్రద్ధ ఎందుకు, బండి ఏడాదికి నాలుగుసార్లు బయటికి వస్తుంది అనేవారికి జవాబు షువైఖ్‌లోనే ఉంది. అక్కడి పాతకార్ల మ్యూజియంలో తమ పాత వాహనాలను కువైట్ ఎంత గౌరవంగా నిలుపుకుందో ఎవరైనా చూడవచ్చు. కానీ మ్యూజియం బండి నిలబడి ఉంటుంది. ఎగైలా షెడ్డులోని బండి రోడ్డెక్కుతుంది, జాతీయ దినాన పిల్లలు కిటికీల్లోంచి జెండాలు ఊపుతూ కూర్చుంటారు. క్రోమ్ బంపర్‌కు పాలిష్ పట్టించే యజమాని డ్రమ్ము లోపల ఏముందో ఒకసారి చూపించమని అడగకపోవడం ఆ బండి మీద ప్రేమ కాదు.

"డ్రైవర్ ఉన్నాడుగా, చూసుకుంటాడు" అనే మాట అన్నింటికంటే అన్యాయమైనది. "బాబా, బ్రేకు బాగాలేదు" అని చెప్పడం ఇంటి డ్రైవర్‌కు తేలిక కాదు. అకామా, అంటే నివాస అనుమతి, ఆ ఇంటిదే, జీతం ఆ ఇంటిదే, పండగ రోజున బండి తీయనని అనగలిగే స్థితి చాలామందికి లేదు. ప్రమాదం జరిగితే ముందు ప్రశ్నలు అడిగేది అతన్నే. రిపేరుకు డబ్బు మంజూరు చేసే అధికారం మాత్రం అతనికి లేదు. అధికారం ఎవరిదో బాధ్యతా వాళ్లదే. డ్రైవర్ చేయగలిగింది ఒకటుంది, అది చిన్నదేమీ కాదు: పోయకముందు మట్టాన్ని ఫోన్‌లో ఫోటో తీసి, తేదీతో యజమానికి పంపడం. రెండు వారాల్లో రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే, ఏ గది ఎంత తగ్గిందో భాష రాకపోయినా అర్థమవుతుంది. ఈస్ట్ అహ్మదీలోనో షువైఖ్‌లోనో గ్యారేజీకి ఆ ఫోటోలతో వెళ్తే మెకానిక్ కూడా "పోసి పంపించేస్తాను" అనలేడు.

చివరికి మిగిలే ధీమా హ్యాండ్ బ్రేకు: "మరీ అవసరమైతే అది ఉందిగా, గేరు కూడా తగ్గించవచ్చు." 1977 నుంచి 1990 దాకా వచ్చిన పెట్టె ఆకారపు కాప్రీస్‌లో ఆ బ్రేకు చేతిది కాదు, ఎడమ కాలి పెడల్. తొక్కితే బిగుసుకుంటుంది, వదలాలంటే డ్యాష్‌బోర్డు కింద హ్యాండిల్ వెతికి లాగాలి. వేగంలో ఉన్న బండిని దానితో కొద్దికొద్దిగా ఆపడం అలవాటు లేనివాడి వల్ల కాదు. ఆటోమేటిక్ గేరుబాక్సు మాన్యువల్ గేర్లంత గట్టిగా వేగాన్ని పట్టి ఆపదు. ఆ పెడల్ కేబుల్ లాగేది కూడా ఏ కొత్త బ్రేకునో కాదు, వెనక డ్రమ్ముల్లోని అవే షూలను. లీకు వెనక వీల్ సిలిండర్‌లోనే అయితే ఆ షూల లైనర్లు అప్పటికే బ్రేకు ఆయిల్లో నాని ఉంటాయి.